ఫ్లాస్క్ పగిలిన సంగతి ఎవరికి చెప్పాలి?

ప్రశ్న: మేడమ్ గారూ, ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చేసి హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరాను. మూడు నెలలైంది. ఒక సీనియర్ స్కాలర్ దగ్గర సాల్మొనెల్లా టైఫిమ్యూరియం అనే బ్యాక్టీరియా మీద పని. పచ్చగా మెరిసే ప్రొటీన్ జన్యువు, యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు ఉన్న ప్లాస్మిడ్‌ను (చిన్న డీఎన్‌ఏ వలయాన్ని) దానిలోకి ఎక్కించాం. పన్నెండు రోజుల కిందట షేకర్‌లోంచి (ఫ్లాస్కులను ఊపే యంత్రంలోంచి) తీస్తుంటే 200 మి.లీ. కల్చర్, అంటే ఆ బ్యాక్టీరియా పెంచిన ద్రవం, ఉన్న ఫ్లాస్క్ నా చేతిలోంచి జారి నేల మీద పగిలింది. కోటు మీద, చెప్పుల మీద చిందింది. ఆ సీనియర్ (అన్నా అని పిలుస్తాను) వెంటనే టిష్యూ పేపర్లతో తుడిచి, స్పిరిట్ కొట్టి, గాజు ముక్కలు చేత్తోనే ఏరేశాడు. "ఇది ల్యాబ్ స్ట్రెయిన్, ఏం కాదు. సార్‌కి చెప్తే ఇద్దరి మీదా పడుతుంది, ఎవరికీ చెప్పకు" అన్నాడు. రెండు రోజులకు అన్నకు జ్వరం, విరేచనాలు. బయట బిర్యానీ తిన్నానని చెప్పాడు. నాకేం కాలేదు. కానీ ఆ కోటు ఇంటికి తెచ్చి అందరి బట్టలతో కలిపి మెషీన్‌లో వేశాను. ఇంట్లో అక్క, అయిదు నెలల పాప ఉన్నారు. ఆ విషయం గుర్తొచ్చినప్పటి నుంచి పాపను ఎత్తుకోలేదు. అమ్మేమో ఉద్యోగం మానెయ్యమంటోంది. నేను టైఫాయిడ్ టీకా వేయించుకున్నాను, అది సరిపోతుందా? మా ల్యాబ్‌లో ఇలాంటివి ఎవరూ నేర్పలేదు. ఇప్పుడు సార్‌కి చెప్పాలా?
(పేరు ప్రచురించవద్దన్నారు)

సమాధానం: అమ్మా, ముందు పాప సంగతి. సాల్మొనెల్లా కడుపులోకి వెళ్తే జబ్బు బయటపడటానికి సాధారణంగా 6 గంటల నుంచి 6 రోజులు పడుతుంది. మీకు పన్నెండు రోజులైంది. ఇంట్లో ఎవరికీ జ్వరం, విరేచనాలు, కడుపునొప్పి రాలేదంటే ఆ రోజు చిందిన దాని వల్ల ఇక భయపడనక్కర్లేదు. అయితే కోటు ఇంటికి తేవడం ఆ ఒక్కరోజే జరిగిందా, మూడు నెలలుగా జరుగుతోందా? మీరు రాసిన తీరు చూస్తే రెండోదే అనిపిస్తోంది. అందుకే పాపకు ఎప్పుడైనా ఒళ్లు వెచ్చబడినా, విరేచనాలైనా "పళ్లు వస్తున్నాయేమో" అని ఆగకండి. పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, ఇంట్లో ఒకరు సాల్మొనెల్లాతో పనిచేస్తున్నారని మొదటి మాటగా చెప్పండి. పసిపిల్లల్లో ఈ బ్యాక్టీరియా పేగు దాటి రక్తంలోకి చేరే ప్రమాదం పెద్దవాళ్లలో కంటే ఎక్కువ.

టీకా గురించి అడిగారు. అది టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫి కోసం. మీ ఫ్లాస్క్‌లో ఉన్నది దాని దాయాది. ఆ టీకా వేయించుకున్నాం కదా అని దీని దగ్గర ధైర్యంగా ఉండకండి.

మీకంటే నాకు మీ సీనియర్ గురించే ఎక్కువ ఆందోళనగా ఉంది. ఆ బిర్యానీ కారణం కావచ్చు, నిజమే. కానీ సాల్మొనెల్లా కల్చర్‌లో తడిసిన గాజు ముక్కలను వట్టి చేతులతో ఏరిన మనిషికి రెండు రోజుల్లో జ్వరం, విరేచనాలు వస్తే అది బిర్యానీయే అని ఊహ మీద తేల్చేయకూడదు. మల పరీక్ష, అందులో కల్చర్ చేయిస్తే తెలిసిపోతుంది. మీ బ్యాక్టీరియాకు పచ్చగా మెరిసే గుర్తు ఉంది కాబట్టి అది మీ ఫ్లాస్క్‌లోదో కాదో చెప్పడం కూడా కష్టం కాదు. ఇప్పుడు తగ్గిపోయినా సరే, చేయించుకోమనండి. లక్షణాలు పోయాక కూడా కొందరి మలంలో ఈ బ్యాక్టీరియా వారాల తరబడి వస్తూ ఉంటుంది. అతనికీ ఇల్లుంటుంది, వంట చేసేవాళ్లు, కలిసి తినేవాళ్లు ఉంటారు. డాక్టర్‌కు ఇంకో ముక్క కూడా తెలియాలి: ఇది యాంపిసిలిన్‌కు లొంగదు. ఆ సంగతి చెప్పకపోతే ఆయన రాసిన మందు పనిచేయక రోజులు వృథా కావచ్చు.

ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు జ్వరం వస్తే తమ పని ఏమిటో డాక్టర్‌కు చెప్పాలని నేను ప్రతి బ్యాచ్‌కూ పోరు పెడతాను. దానికి కారణం 2004లో బీజింగ్‌లో జరిగింది. అక్కడి వైరాలజీ సంస్థలో పనిచేయడానికి వచ్చిన 26 ఏళ్ల విద్యార్థినికి సార్స్ సోకింది. ఆమె సార్స్ వైరస్‌తో నేరుగా పనిచేయలేదు. చచ్చిపోయిందనుకున్న వైరస్‌ను మామూలు ల్యాబ్‌లోకి తెచ్చి వాడారు, అది పూర్తిగా చావలేదు. ఆ అమ్మాయి రైలెక్కి సొంతూరికి వెళ్లింది. జబ్బుపడిన కూతురి పక్కన కూర్చుని సేవ చేసిన తల్లి చనిపోయింది. మొత్తం తొమ్మిది మందికి సోకింది. మీ సాల్మొనెల్లా సార్స్ కాదు, పోల్చి మిమ్మల్ని భయపెట్టను. కానీ ల్యాబ్ నుంచి జబ్బు ఇంటికి వెళ్లే దారి మాత్రం ఇలాగే ఉంటుంది. ముందు సోకేది మనకు, ఆ తర్వాత మనకు అన్నం పెట్టేవాళ్లకు.

"ల్యాబ్ స్ట్రెయిన్, ఏం కాదు" అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం. స్ట్రెయిన్ అంటే ఒకే బ్యాక్టీరియాలో ఒక రకం. క్లోనింగ్‌కు వాడే డీహెచ్5 ఆల్ఫా లాంటి ఈ.కోలై విషయంలో ఆ మాట చాలావరకు సరిపోతుంది. అది మన పేగుల్లో బతకడానికే కష్టపడుతుంది. రిస్క్ గ్రూప్ 1 అంటారు దాన్ని. సాల్మొనెల్లా టైఫిమ్యూరియం రిస్క్ గ్రూప్ 2, అంటే మనిషికి జబ్బు తెచ్చేది. దాన్ని బలహీనపరిచిన స్ట్రెయిన్‌లు ఉన్నాయి గానీ, మీది అలాంటిదేనా? కాగితం మీద చూశారా, లేక ఎవరో అన్నారా? బలహీనపరిచినదే అయినా అది ఎవరి ఒంట్లో బలహీనమో ముందుగా చెప్పలేం. 2009లో చికాగోలో ఒక పరిశోధకుడు బలహీనపరిచిన ప్లేగు బ్యాక్టీరియాతో పనిచేస్తూ, అదే సోకి చనిపోయాడు. ఆ స్ట్రెయిన్‌కు ఇనుమును సంపాదించుకునే శక్తి లేదు, అదే దాని బలహీనత. ఆయనకేమో ఒంట్లో ఇనుము విపరీతంగా పేరుకుపోయే వంశపారంపర్య లోపం ఉందని చనిపోయాక తేలింది. బ్యాక్టీరియాకు లేనిది ఆయన శరీరమే ఇచ్చింది. ఆయన చిన్న పిల్లాడు కాదు, ఎంతో అనుభవం ఉన్న శాస్త్రవేత్త.

మీ కేసుకు అచ్చంగా సరిపోయేది మాత్రం అమెరికాలో జరిగింది. 2010 ఆగస్టు నుంచి 2011 జూన్ వరకు 38 రాష్ట్రాల్లో 109 మందికి ఒకే రకం సాల్మొనెల్లా టైఫిమ్యూరియం సోకింది. ఒకరు చనిపోయారు. ఆరా తీస్తే అది కాలేజీల్లో, ఆస్పత్రి ల్యాబుల్లో పాఠం చెప్పడానికి వాడే స్ట్రెయిన్. సోకినవాళ్లలో ల్యాబ్ ముఖం చూడని పసిపిల్లలూ ఉన్నారు. వాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చదువుతున్నారు, లేదా పనిచేస్తున్నారు. కోటు, పెన్ను, నోట్‌బుక్, బ్యాగు, ఫోన్ ల్యాబ్ నుంచి ఇంటికి వెళ్తాయి కదా, అలా వెళ్లింది.

కొత్తగా చేరిన పిల్లలతో నేను ఒక పని చేయిస్తాను. చీకట్లో యూవీ లైటు కింద మెరిసే పొడిని వాళ్ల గ్లవ్స్ మీద కొంచెం రాసి, పావుగంట మామూలుగా పనిచేసుకోమంటాను. తర్వాత లైట్లు ఆర్పి యూవీ టార్చ్ వేస్తాను. పిపెట్ మీద, బెంచి మీద మెరుపు ఉంటుంది, అది వాళ్లూ ఊహించిందే. తలుపు గొళ్లెం మీద, ఫ్రిజ్ హ్యాండిల్ మీద కనిపిస్తే కొంచెం నవ్వుకుంటారు. ఆ తర్వాత ఫోన్లు బయటికి తీయమంటాను. ఫోన్ వెనకాల అయిదు వేళ్ల గుర్తులు. ఒకమ్మాయికి చెవి కమ్మ మీద, నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకున్న చోట మెరిసింది. ఆ తర్వాత ఎవరూ నవ్వరు. గ్లవ్స్ వేసుకుని ఫోన్ ఎత్తకూడదని పదిసార్లు చెప్పే బదులు ఇది ఒక్కసారి చూపిస్తే చాలు.

కాబట్టి కోటు ఇక ఇంటికి రాకూడదు. ల్యాబ్‌లోనే విప్పి, తలుపు దగ్గర మేకుకు తగిలించి, చేతులు సబ్బుతో కడుక్కుని బయటికి రావాలి. ఉతికించే బాధ్యత ల్యాబ్‌ది. ముందు ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే యంత్రం)లో పెట్టి తర్వాత ఉతికిస్తారు. బెంచి మీద వాడే నోట్‌బుక్ బెంచి దగ్గరే ఉండాలి. చెప్పులు కాదు, పాదం మొత్తం కప్పే బూట్లు వేసుకోండి. మీ ఉత్తరంలో నన్ను బాగా కంగారు పెట్టింది ఆ చెప్పుల మాటే. పగిలిన గాజుకూ మీ కాలి వేళ్లకూ మధ్య ఏ అడ్డూ లేదు.

ఇక ఫ్లాస్క్ పగిలినప్పుడు ఏం చేయాల్సింది? మొదట చేయాల్సింది బయటికి రావడం. తుడవడానికి వంగడం మనందరికీ ఇంట్లో అలవాటు, పాలు ఒలికినా వంగుతాం. కానీ ఫ్లాస్క్ పగిలినప్పుడు నేల మీద మడుగు ఒక్కటే కాదు, కంటికి కనపడని తుంపర్లు గాలిలోకి లేస్తాయి. వంగితే ముఖం సరిగ్గా ఆ తుంపర్లలో పెట్టినట్టు. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో సెంట్రిఫ్యూజ్‌లో ట్యూబ్ పగిలిన చప్పుడు విని మూత ఎత్తబోయాను. ల్యాబ్ అటెండర్ ఒకాయన, మా అందరికంటే తక్కువ చదివినాయన, నా భుజం పట్టి వెనక్కి లాగాడు. "అరగంట ఆగమ్మా, లోపల పొగలాగా ఉంటది" అన్నాడు. ఆ అరగంట మేమిద్దరం వరండాలో నిలబడ్డాం. అప్పటికి నాకు ఆ లెక్క ఏ పుస్తకమూ చెప్పలేదు. తర్వాత ఏ మార్గదర్శకాలు చదివినా అదే అరగంట కనిపించింది.

అందరూ బయటికి రావాలి, తలుపు వేసి "లోపలికి రావద్దు" అని కాగితం అంటించాలి. తడిసిన కోటు విప్పి బయోహజార్డ్ సంచిలో వేయాలి, కాళ్లూ చేతులూ సబ్బుతో కడుక్కోవాలి, సార్‌కి చెప్పాలి. అరగంట తర్వాత గ్లవ్స్, మాస్క్, కళ్లద్దాలు, బూట్లతో లోపలికి వెళ్లి, మడుగు మీద టిష్యూ లేదా పాత గుడ్డలు పరిచి, అప్పటికప్పుడు కలిపిన బ్లీచ్ పోయాలి. బయటి అంచు నుంచి మధ్యకు పోయాలి, లేకపోతే మడుగు ఇంకా పాకుతుంది. 4, 5 శాతం ఉండే మామూలు హైపో (బ్లీచ్ ద్రావణం) అయితే ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్లు. 20 నుంచి 30 నిమిషాలు అలా వదిలెయ్యాలి. గాజు ముక్కలు పటకారుతో తీసి, గుచ్చుకున్నా చిరగని డబ్బాలో వేయాలి. చేత్తో వద్దు, గ్లవ్స్ ఉన్నా వద్దు. ఆ చోటును ఇంకోసారి తుడవాలి. బ్లీచ్ కారుతున్న గుడ్డలను మాత్రం ఆటోక్లేవ్‌లో పెట్టకండి, ఘాటైన విషవాయువులు వస్తాయి.

స్పిరిట్ చాలదా అంటారు. బెంచి తుడుచుకోవడానికి 70 శాతం ఆల్కహాల్ మంచిదే. 200 మి.లీ. మడుగు మీద కొడితే అది పల్చబడుతుంది, లేదా పని పూర్తయ్యేలోపు ఆవిరైపోతుంది. పైగా పక్కన బర్నర్ వెలుగుతుంటే మంట అంటుకుంటుంది. హైపోకు మరో చిక్కుంది. ఎండాకాలంలో నెలల తరబడి అల్మారాలో ఉన్న డబ్బా వాసన వస్తున్నా పస తగ్గిపోతుంది. డబ్బా మీద తెరిచిన తేదీ రాసి పెట్టుకోండి.

మీరు అడగకపోయినా రెండు విషయాలు చెప్పాలి. మీరు ప్లేట్లు పోసుకునే లామినార్ (శుభ్రమైన గాలి వీచే క్యాబినెట్), సాల్మొనెల్లాతో పనిచేసే చోటూ ఒకటేనా? మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే లామినార్‌లో గాలి వెనక ఫిల్టర్ నుంచి మీ ముఖం వైపు వీస్తుంది. అది మీడియాను కాపాడటానికి చేసింది, మిమ్మల్ని కాదు. కళ్లంలో తూర్పారబట్టేటప్పుడు పొట్టు ఎగిరే వైపు ఎవరూ నిలబడరు. అక్కడ మీరు నిలబడేది సరిగ్గా ఆ వైపే. రిస్క్ గ్రూప్ 2 బ్యాక్టీరియాకు బయోసేఫ్టీ క్యాబినెట్ క్లాస్ 2 కావాలి. అది ముందు నుంచి గాలిని లోపలికి లాక్కుని, ఫిల్టర్ చేసి వదులుతుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే పొరపాటు పడతాం. ముందు ఒక టిష్యూ ముక్క పట్టుకుని చూడండి, గాలి ఎటు పోతోందో అదే చెబుతుంది.

రెండోది ఆటోక్లేవ్. వాడిన ప్లేట్లు, మిగిలిన కల్చర్ ఆటోక్లేవ్ కాకుండా సింకులోకి పోకూడదు. మీ ప్లాస్మిడ్‌లో ఉన్న యాంపిసిలిన్ జన్యువు డ్రైనేజీలోని వేరే బ్యాక్టీరియాకు చేరకూడదన్నదే అందులోని అసలు భయం. పని కోసం మనం ఎక్కించిన గుణాన్ని మూసీలోకి వదలడానికి మనకు హక్కు లేదు. 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి అని అందరూ వల్లె వేస్తారు గానీ, లోపలి గాలి పోకుండా వాల్వ్ మూసేస్తే ఒత్తిడి 15 చూపించినా వేడి 121కి చేరదు. కుక్కర్‌లో ఆవిరి బాగా వచ్చాకే వెయిట్ పెట్టమని మీ అమ్మగారు చెప్పి ఉంటారు, ఇదీ అంతే. సంచి మూతి గట్టిగా కట్టేసినా ఆవిరి లోపలికి పోదు. ఆటోక్లేవ్ టేపు మీద గీతలు నల్లబడితే వేడి తగిలిందని అర్థం, క్రిములు చచ్చాయని కాదు. చచ్చాయో లేదో తేల్చడానికి వేడికి తేలిగ్గా చావని జియోబాసిల్లస్ బ్యాక్టీరియా స్పోర్లు ఉన్న స్ట్రిప్ పెట్టి చూస్తారు. మీ దగ్గర ఆఖరిసారి ఎప్పుడు పెట్టారో రిజిస్టర్‌లో చూడండి.

"ఎవరూ నేర్పలేదు" అన్నారు. నేర్పాల్సిన బాధ్యత ఎవరిదో చట్టంలో ఉంది. భోపాల్ దుర్ఘటన తర్వాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. దాని కింద 1989 డిసెంబర్ 5న ప్రమాదకర సూక్ష్మజీవులు, జన్యుమార్పిడి జీవుల నియమాలను ప్రకటించారు. వాటి ప్రకారం ఇలాంటి పనిచేసే ప్రతి సంస్థలోనూ ఇన్‌స్టిట్యూషనల్ బయోసేఫ్టీ కమిటీ ఉండాలి. ఐబీఎస్‌సీ అంటారు. సంస్థ అధిపతి, ఈ పని తెలిసిన శాస్త్రవేత్తలు, ఒక వైద్య నిపుణుడు, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం పంపిన ప్రతినిధి అందులో ఉంటారు. ప్రమాదం జరిగితే ఏం చేయాలో సంస్థ ముందే రాసి పెట్టుకోవాలి. ఏ జీవికి ఏ స్థాయి ల్యాబ్ కావాలో బయోటెక్నాలజీ విభాగం 2017లో సవరించిన మార్గదర్శకాల్లో వివరంగా ఉంది. మీ ప్రయోగం మొదలయ్యే ముందే ఆ కమిటీ దృష్టికి వెళ్లి ఉండాలి. కమిటీలో డాక్టర్‌ను పెట్టింది మీ సీనియర్ లాంటివాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక బిర్యానీ మీద నెట్టేయకుండా ఉండటానికే. ఈ కమిటీలు కొన్నిచోట్ల కాగితం మీదే ఉంటాయని నాకు తెలుసు, దానికి బాధపడతాను కూడా. కానీ ఎవరో ఒకరు వెళ్లి అడిగిన రోజే ఆ కాగితం కదులుతుంది.

కాబట్టి సార్‌కి చెప్పాలి. ముందు మీ సీనియర్‌తో మాట్లాడండి, ఆయన వెనక వద్దు. "అన్నా, నీకు విరేచనాలయ్యాయి కాబట్టి నాకు భయంగా ఉంది. ఫ్లాస్క్ జారింది నా చేతిలోంచే, ఆ మాట నేనే చెప్తా. నువ్వు పక్కన ఉండు చాలు" అనండి. ఒప్పుకోకపోయినా మీరు వెళ్లండి. సార్‌కి నోటితో చెప్పి, ఆ సాయంత్రమే ఒక చిన్న మెయిల్ పెట్టండి. తేదీ, సమయం, ఏ స్ట్రెయిన్, ఎంత కల్చర్, ఎక్కడ చిందింది, దేనితో శుభ్రం చేశారు, ఎవరెవరు ఉన్నారు, తర్వాత ఎవరికి ఏ లక్షణాలు వచ్చాయి, ఇవి రాస్తే చాలు. ఎవరి తప్పో రాయకండి. చివర్న రెండు ప్రశ్నలు అడగండి: ఈ ప్రయోగానికి ఐబీఎస్‌సీ అనుమతి నంబర్ ఏమిటి, బయోసేఫ్టీ ఆఫీసర్ ఎవరు. వాటితో పాటు ఆరోగ్య పరీక్ష కూడా అడగండి.

ఆలస్యంగా చెప్పారని సార్ విసుక్కోవచ్చు. కాంట్రాక్టు ఉద్యోగం, టెన్షన్ ఉంటుంది, కాదనను. నేను కమిటీల్లో కూర్చున్నన్నాళ్లూ చూసింది ఏమిటంటే, జారిన ఫ్లాస్క్ గురించి ఎవరినీ పెద్దగా ఏమీ అనరు, చేతులు జారతాయి. ఆరు నెలల తర్వాత ఎవరో జబ్బుపడి, అప్పుడు తవ్వితే దాచిన సంగతి బయటపడినప్పుడే గొడవ పెద్దదవుతుంది. అప్పుడు నెపం మాత్రం ల్యాబ్‌లో అందరికంటే చిన్నవాళ్ల మీద పడుతుంది. మీ దగ్గర తేదీతో మెయిల్ ఉంటే అలా పడదు.

అమ్మగారు మానెయ్యమంటున్నారు. ఇప్పుడే వద్దు. మీరు చెప్పాక స్పిల్ కిట్ పెట్టి, కోట్లు అక్కడే ఉతికించి, ఒక్క రోజైనా శిక్షణ ఇస్తే ఆ ల్యాబ్‌లో మీరు ధైర్యంగా పనిచేయొచ్చు. నోరు మూసుకో అంటే మాత్రం అమ్మగారి మాటే వినండి, వేరే చోటు వెతుక్కోండి. హైదరాబాద్‌లో మీ చదువుకు ల్యాబులు తక్కువేమీ లేవు.

ఇంట్లో ఉన్న కోటును విడిగా, మామూలు నీళ్లలో బ్లీచ్ వేసి ఒకసారి నానబెట్టి ఉతికి, రేపు ల్యాబ్‌కు తీసుకెళ్లి అక్కడే వదిలెయ్యండి. ఫోన్‌ను ఆల్కహాల్‌తో తుడవండి. తర్వాత చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, వేరే బట్టలు కట్టుకుని, పాపను ఎత్తుకోండి.